మాట ఇచ్చి అడవిలోకి దిగినవాళ్లు



వాల్మీకి రామాయణం అరణ్యకాండ మొదట్లో ఒక సన్నివేశం ఉంది. దండకారణ్యంలో కాపురముంటున్న మునులు గుంపుగా రాముడి దగ్గరికి వస్తారు. రాక్షసులు తమవాళ్లను చంపి పడేసిన చోటికి వచ్చి ఆ కళేబరాలను కళ్లారా చూడమంటారు. పంటలో ఆరోవంతు పన్నుగా తీసుకునే రాజు ప్రజలను బిడ్డల్లా కాపాడకపోతే అది పెద్ద అధర్మమని కూడా గుర్తు చేస్తారు. వాళ్లు దేబిరించలేదు. పన్ను ఇస్తున్నాం, రక్షణ ఇవ్వు అని హక్కుగా అడిగారు. రాముడు సరేనన్నాడు.

మాయలమారి శత్రువుల మీదికి వీరులను పిలిపించుకోవడం, వాళ్లు జట్టుగా రావడం, వచ్చేముందు ఒక ఒప్పందం కుదరడం, ఇవన్నీ ఆ సన్నివేశంలోనే ఉన్నాయి. అమెరికా కామిక్ పుస్తకాల్లో గత 50 ఏళ్లుగా ఈ తరహా కథలు బాగా నడిచాయి. భద్రాచలం అడవి అంచున పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం ఇందులో కొత్తేమీ కనిపించదు. పర్ణశాల వాళ్లకు బస్సెక్కితే చేరే ఊరు. అక్కడి సీతవాగులో పసుపు, కుంకుమ రంగు చారలున్న బండలు చూపించి, సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న గుర్తులని పెద్దలు చెబుతారు. కాస్త కిందికి వస్తే దుమ్ముగూడెం. రాముడి చేతిలో చచ్చిన 14,000 మంది రాక్షసుల బూడిద మీదే ఆ ఊరు లేచిందని అక్కడి నమ్మకం. ఏటపాక దగ్గర జటాయువు పడ్డాడంటారు. పంచవటి తమ దగ్గరే ఉందని నాసిక్ వాళ్లూ అంటారు. ఆ చర్చ పండితులకు వదిలేద్దాం. ఈ నేల మీది పిల్లవాడికి రాక్షసులతో యుద్ధం ఊళ్ల పేర్లతో సహా తెలిసిన కథ. ఇక్కడ ఎత్తిచూపాల్సిన సంగతి అదే.

మళ్లీ అరణ్యకాండకు వద్దాం. రాముడు మునులకు మాట ఇచ్చి నడక మొదలుపెట్టగానే సీత ఆపి ఒక ప్రశ్న వేస్తుంది. మనకు ఏ అపకారమూ చేయనివాళ్లను, మనతో వైరం లేనివాళ్లను చంపడానికి వెళ్లడం సరైనదేనా అని. అక్కడితో ఆగకుండా ఒక కథ కూడా చెబుతుంది. పూర్వం ఒక ముని తపస్సు చేసుకుంటుంటే, ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి ఒక కత్తి ఇచ్చి, దాచిపెట్టమని అడిగి వెళ్లిపోయాడు. అప్పగించిన వస్తువు పోతుందేమోనన్న భయంతో ముని ఎక్కడికి వెళ్లినా దాన్ని వెంట తీసుకెళ్లేవాడు. కాయలకీ దుంపలకీ వెళ్లినా చేతిలో కత్తే. రోజులు గడిచేకొద్దీ మనసు కరుకుదేలింది, తపస్సు పోయింది, చివరికి నరకానికి పోయాడు. ఆయుధం పక్కనుంటే చాలు, మనిషి మారిపోతాడని సీత భయం.

రాముడు ఆమెను కసురుకోలేదు. నా మీద ప్రేమతోనే ఇలా చెప్పావన్నాడు. కానీ ఆపదలో ఉన్నవాళ్లు వచ్చి అడిగారు, మాట ఇచ్చాను, ప్రాణం పోయినా తప్పనన్నాడు. తర్వాత ఖరుడనే రాక్షసుడు ముందు 14 మందిని పంపి, ఆపైన 14,000 మందిని వెంటేసుకుని వచ్చినప్పుడు, సీతను లక్ష్మణుడితో కొండగుహలోకి పంపి ఒంటరిగా నిలబడ్డాడు. జట్టులో ఒకరు పోరాడుతుంటే ఇంకొకరు కాపలా కాయడం కూడా యుద్ధంలో భాగమేనని వాల్మీకికి తెలుసు.

ఎవరి తరఫున పోరాడుతున్నావు, ఎందుకు పోరాడుతున్నావు? సీత అడిగిన ఈ ప్రశ్ననే డబ్బు తీసుకుని పోరాడే ప్రతి కథానాయకుణ్ణీ అడగాలి. మంచి రచయితలు అడిగారు కూడా.

1972లో మార్వెల్ సంస్థ ‘ల్యూక్ కేజ్, హీరో ఫర్ హైర్’ అనే కామిక్ తెచ్చింది. చేయని నేరానికి జైలుపాలైన నల్లజాతి యువకుడు అందులో నాయకుడు. జైల్లో అతని మీద చేసిన ఒక ప్రయోగం వికటించి, తూటా దిగని చర్మం వస్తుంది. బయటపడ్డాక కడుపు నిండాలి కదా! న్యూయార్క్‌లో ఒక సినిమాహాలు పైన గది తీసుకుని, రుసుముకు సాయం చేస్తానని బోర్డు పెడతాడు. మరుసటి ఏడాది వచ్చిన కథలో డాక్టర్ డూమ్ అనే మహా బలశాలి అతనితో పని చేయించుకుని 200 డాలర్లు ఎగ్గొడతాడు. కేజ్ ఆ 200 డాలర్ల కోసం డూమ్ ఏలే దేశం దాకా వెళ్లి వసూలు చేసుకుని వస్తాడు. అందులో పిసినారితనం వెతికితే లాభం లేదు. తన పనికి దక్కాల్సిన కూలి వదులుకోనన్న మనిషి ఆత్మగౌరవం అది. తునికాకు కట్టకు ఎంత ఇస్తారన్న బేరం ఏటేటా చూసే ఈ ప్రాంతంలో ఆ కథను అర్థం చేసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

1978లో ఐరన్ ఫిస్ట్ అనే మరో వీరుడు కేజ్‌తో కలిశాడు, ఇద్దరూ అద్దె వీరుల సంస్థ నడిపారు. దయ్యాలు, రక్తపిశాచాల మీదికి మార్వెల్ 1992లో ఘోస్ట్ రైడర్, బ్లేడ్ వంటివాళ్లతో ‘మిడ్‌నైట్ సన్స్’ అనే జట్టును దించింది. మైక్ మిన్యోలా 1994లో మొదటి సిరీస్ తెచ్చిన ‘హెల్‌బాయ్’ వీటన్నిటికంటే లోతుగా పోయింది. అందులో క్షుద్రశక్తులను ఎదుర్కొనేది జీతాలిచ్చే ఒక పరిశోధన సంస్థ. దాని తరఫున ముందుండి పోరాడే హెల్‌బాయ్ నరకలోకంలో పుట్టినవాడు, మనుషులు పెంచినవాడు. శత్రువుల లోకం తెలిసినవాడే మనవైపు నిలబడతాడు. ఆ కథ బలమంతా అక్కడే ఉంది.

ఇక మన తెలుగు సంగతి. మన దగ్గర ఈ పని కామిక్ పుస్తకం పేరుతో కాక చందమామ సీరియల్‌గా జరిగింది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక అది. వాళ్లే 1951లో విజయా సంస్థ తరఫున ‘పాతాళ భైరవి’ తీశారు. తోటరాముడు, అతని నేస్తం అంజి, నేపాళ మాంత్రికుడు ఇంటింటి పేర్లయ్యారు. రాజకుమారిని ఇవ్వాలంటే సంపద తెమ్మన్న రాజు షరతుతోనే తోటరాముడు మాంత్రికుడి వలలో పడతాడు. మన జానపదంలో డబ్బు ఒప్పందం ఎప్పుడూ ఇలాగే ఏదో ఒక మాయ దగ్గరికి దారితీస్తుంది.

1952లో చందమామలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో సీరియళ్లు మొదలుపెట్టారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, 1978లో భల్లూక మాంత్రికుడు. మొత్తం 12. చిత్ర అనే పేరుతో గీసిన టి.వి. రాఘవన్ వాటికి ప్రాణం పోశారు. కొండచరియ మీద నిలబడ్డ మనిషి, కింద లోయలో నోరు తెరిచిన మృగం, వెనక చెట్టు మానులో దాక్కున్న ముఖం, ఈ మూడింటినీ ఒక్క చట్రంలో ఇరికించేవారు. బొమ్మ చూసిన పిల్లవాడు కథ చదవకముందే తర్వాతి నెల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టేవాడు.

ఆ సీరియళ్లలో వీరుడు ఒంటరిగా తిరగడం అరుదు. యక్షపర్వతంలో కత్తి ఖడ్గవర్మది, మంత్రదండం జీవదత్తుడిది. మాయాసరోవరంలో రాజుగారి పిల్లలు మాయమైతే వెతికి తేవడానికి బయల్దేరేది జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకరికి తెలిసింది రెండోవాడికి తెలియదు. వీళ్లు ఊరూరా తిరుగుతారు, ఎక్కడ ఆపద కనిపిస్తే అక్కడ దిగుతారు. రాజుల నుంచి కానుకలు, అర్ధరాజ్యాలు వస్తాయో రావో చివరి నెల దాకా తేలదు. మాట మాత్రం మొదటి నెలలోనే ఇచ్చేసి ఉంటారు.

1968లో వచ్చిన ‘శిథిలాలయం’ దగ్గర కాస్త ఆగాలి. అందులో ఇద్దరు నాయకులు. ఒకడు నగరం నుంచి వచ్చిన విక్రమకేసరి. రెండోవాడు శబర యువకుడు శిఖిముఖి. అంతకుముందూ ఆ తర్వాతా మన సినిమాల్లో అడవి మనిషి వేషం తెలిసిందే. నెత్తిన ఈకలు, ఒంటికి ఆకులు, మంట చుట్టూ గంతులు, నాయకుణ్ణి కట్టేసి బలివ్వబోయే గుంపు. లేదంటే నాయకుడికి దారి చూపించి మూడో సన్నివేశంలో చచ్చిపోయే అమాయకుడు. దాసరి ఆ పని చేయలేదు. శిఖిముఖికి ఊరుంది, కుటుంబముంది, పౌరుషముంది, తన నిర్ణయాలు తనవే. విక్రమకేసరి పక్కన సమానంగా నడుస్తాడు. అడవి తెలిసినవాడు జట్టులో కూలివాడిగా కాక నాయకుడిగా ఉండటం తెలుగు పిల్లల కథల్లో చాలా పెద్ద అడుగు. ఆ అడుగు వెనక ఇంకెవరూ నడవకపోవడం మన లోటు.

ఆ లోటును పూడ్చాలంటే కావలసిన సరుకు గోదావరి, శబరి కలిసే కూనవరం చుట్టుపక్కలా, మణుగూరు దాకా విస్తరించిన కోయ, కొండరెడ్డి, నాయకపోడు పల్లెల్లో ఉంది.

నాయకపోడుల లక్ష్మీదేవర చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. తేలికైన కర్రతో చెక్కి రంగులద్దిన ముఖాలు. లక్ష్మీదేవరది గుర్రం ముఖం. పాండవులకు తలా ఒక ముఖం, పోతురాజుకు ఒకటి. పండగనాడు వాటిని కడిగి పూజ చేసి తలకెత్తుకుంటారు. ఎత్తుకున్న క్షణం నుంచి ఆ మనిషి మామూలు మనిషి కాడు. నడక మారుతుంది, చూపు మారుతుంది, డప్పు దరువుకు ఒళ్లు తనంతట తానే ఊగుతుంది. ఇంటి ముందుకు వచ్చిన ఆ ముఖాలకు ఆడవాళ్లు నీళ్లు ఆరబోసి దండం పెడతారు. ముసుగు, మారువేషం, జట్టు, ఊరి క్షేమం, ఏ కామిక్ పుస్తకానికైనా కావలసినవి ఇంతకంటే ఏముంటాయి?

కోయల దగ్గర డోలీలున్నారు. వంశాల కథలు పాడటం వాళ్ల వృత్తి. పాడినందుకు ఆ వంశంవాళ్లు ధాన్యమో డబ్బో ముట్టజెప్పాలి. పాటకు తోడుగా పడిగె ఉంటుంది. వంశం వీరులు, వేల్పులు, జంతువులు, చెట్లు బొమ్మలుగా ఉన్న గుడ్డ అది. జాతరలో దాన్ని ఎత్తి నిలబెడతారు. డోలీ ఆ బొమ్మల కథను పాటగా విప్పుతాడు. బొమ్మ, కథ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచే పద్ధతి న్యూయార్క్ పుస్తకాల కంటే చాలా ముందే ఈ అడవిలో ఉంది.

మణుగూరు మండలంలో అదే పేరున్న మరో కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పరంపరలో పెద్ద గొంతు. కంచుమేళం, కంచుతాళాల మధ్య కోయలోనూ తెలుగులోనూ సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పాడిన కథల్లో వీరులు కుటుంబంగా కదులుతారు. సమ్మక్క, పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న. కాకతీయ సైన్యం ముందు తల్లి, తండ్రి, పిల్లలు కలిసి నిలబడ్డ కథ అది. వాళ్లను ఎవరూ కూలికి పిలవలేదు. కరువులో కప్పం కట్టలేమన్న తమవాళ్ల తరఫున నిలబడ్డారు. రెండేళ్లకోసారి మేడారంలో లక్షల మంది బెల్లం మోసుకెళ్లి మొక్కేది ఆ జట్టుకే.

మరి దయ్యాల మాట? అడవి పల్లెల్లో ఆ భయం కథల్లోనే ఉండిపోలేదు. వానాకాలం జ్వరం తలకెక్కి మనిషి పలవరిస్తే గాలి సోకిందంటారు. రెండు ఇళ్లలో వరసగా చావులైతే ఎవరో చేశారంటారు. చేతబడి చేశాడన్న అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్తలు ఈ జిల్లాల నుంచి పత్రికల్లో వచ్చాయి. చనిపోయినవాళ్లు ఎక్కువగా ఒంటరి ముసలివాళ్లు, ఎవరి అండా లేనివాళ్లు. కథలో మాంత్రికుడి తల నరికిన వీరుడికి చప్పట్లు కొట్టే పిల్లలకు ఈ సంగతి కూడా తెలియాలి. నిజమైన మాంత్రికుడంటూ ఎవరూ దొరకరు. దొరికేది పక్కింటి తాతే. సీత వేసిన ప్రశ్న ఇక్కడ ఎంత పదునుగా గుచ్చుకుంటుందో చూడండి. మనకు ఏ అపకారమూ చేయనివాణ్ణి చంపడానికి ఎందుకు వెళుతున్నాం?

ఈ భయం మీదికి నిజంగా జట్టు కట్టి వెళ్లేవాళ్లున్నారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో కొబ్బరికాయలోంచి రక్తంలాంటి నీళ్లు రప్పించి, నాలుక మీద కర్పూరం వెలిగించి, ఆ కిటుకు ఏమిటో అక్కడికక్కడే విప్పి చెబుతారు. పోలీసు కళాజాత బృందాలు డప్పు కొట్టి పాడి, జ్వరమొస్తే రక్తపరీక్షకు రమ్మంటాయి. ఆశా కార్యకర్త వాగు దాటి వచ్చి వేలి మీద సూది గుచ్చి, చుక్క రక్తం తీసుకుని, మలేరియా ఉందో లేదో చెప్పి మాత్ర చేతిలో పెడుతుంది. ఆమెకు దక్కే పారితోషికం చిన్నది, నడిచే దూరం పెద్దది. కామిక్ పుస్తకంలో అద్దె వీరుడు ఎవరైనా ఉండాలంటే ముందు ఆమె బొమ్మ గీయాలి.

అలాంటి పుస్తకం ఒకటి ఎలా ఉండొచ్చో ఊహించడం కష్టం కాదు. జట్టులో ఒక డోలీ కుర్రాడు, పాటల్లో పాత వీరుల ఆనవాళ్లు తెలిసినవాడు. లక్ష్మీదేవర ముఖం ఎత్తే నాయకపోడు యువకుడు. గోదావరి సుడుల లోతు తెలిసిన కొండరెడ్డి పిల్ల, పాపికొండల్లో వెదురు తెప్ప నడపగలది. రక్తపరీక్ష చేసే ఆశా అక్క. వాళ్లకు పని అప్పగించేది ఒక పల్లె పెద్ద. కూలి ఎంతో, గింజల్లోనో డబ్బుల్లోనో, మొదటి పేజీలోనే మాట్లాడుకుంటారు. ఊళ్లోవాళ్లు చూపించిన మంత్రగాడు నిజానికి మంత్రగాడు కాడని నాలుగో పేజీలో తేలుతుంది. అసలు రాకాసి ఎవరో చివరిదాకా దాచిపెట్టాలి. దాసరి సుబ్రహ్మణ్యం దగ్గర ఆ విద్య నేర్చుకోవచ్చు.

భాష సంగతి ముందే తేల్చుకోవాలి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు పుస్తకాలు చదువుతున్నారు. తెలుగు లిపిలోనే కోయ మాటలతో ఒక కూర్పు, తెలుగులో ఒక కూర్పు రావాలి. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంగణంలో గిరిజన మ్యూజియం ఉంది. బొమ్మలు గీసేవాళ్లు అక్కడి వస్తువులు చూసి, విల్లు ఎలా వంగుతుందో, పొలిమేరలో పోతురాజు రాయి ఎక్కడ నిలబెడతారో పల్లెవాళ్లనే అడిగి గీయాలి. సినిమా చూసి గీస్తే ఈకల టోపీలే వస్తాయి.

ఇంకో ముఖ్యమైన విషయం అట్ట మీద పేర్లు. చందమామ సీరియళ్లు లక్షల ఇళ్లలో చదివారు. ఏ సీరియల్ మీదా రచయిత పేరు ఉండేది కాదు. ఆ 12 కథలూ రాసింది ఒక్క మనిషేనని చాలామంది పాఠకులకు దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు. 2010 జనవరిలో దాసరి పోయిన తర్వాత అభిమానులు పాత సంచికలు వెతికి పట్టుకుని ఆ పేరును నలుగురికీ చెప్పారు. డోలీ పాట నుంచి కథ తీసుకునే రేపటి పుస్తకంలో అలా జరగకూడదు. రాసినవాళ్ల పేరు, గీసినవాళ్ల పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే, పాడి వినిపించినవాళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు కూడా అంత పెద్దగా ఉండాలి. పుస్తకం అమ్మిన డబ్బులో వాళ్ల వాటా ఎంతో పాట రికార్డు చేసుకోబోయే ముందే కాగితం మీద రాసుకోవాలి, ఆ కాగితం ఒక ప్రతి పాడినవాళ్ల ఇంట్లో ఉండాలి.